బడి ఎవరిది? ప్రధానోపాధ్యాయుని పదవిపై తల్లిదండ్రుల వాదన

గత వేసవి సెలవులకు ముందు ఒక జంక్షన్ పట్టణంలోని రైల్వే ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అక్కడ ప్రధానోపాధ్యాయుని పదవి రెండేళ్లుగా ఖాళీగా ఉంది. ఒక సీనియర్ ఉపాధ్యాయుడే తన తరగతులు చూసుకుంటూ ఇన్‌ఛార్జిగా నెట్టుకొస్తున్నారు. ఆ స్థానంలోకి ఎవరు రావాలి, ఎవరు నియమించాలి అన్నదే ఆనాటి చర్చనీయాంశం. యూనియన్ ప్రతినిధిగా నన్ను కూడా పిలిచారు.

పాఠశాలను కేంద్రీయ విద్యాలయ సంఘటనకు అప్పగిస్తే మంచి ప్రిన్సిపాలు తానై వస్తాడని కొందరు అన్నారు. ఏదైనా ప్రైవేటు ట్రస్టుకు ఇస్తే క్రమశిక్షణ వస్తుందని మరికొందరు అన్నారు. రైల్వే యాజమాన్యమే ఖాళీని భర్తీ చేయాలని ఇంకొందరు పట్టుపట్టారు. అంతలో ఒక ఉద్యోగి లేచి, "ఎవరు వచ్చినా ప్రయోజనం లేదు. మన బడిలో మన పిల్లలకంటె బయటి పిల్లలే ఎక్కువ. ముందు వారి సంఖ్య తగ్గించండి. ప్రమాణాలు అవే పెరుగుతాయి" అన్నాడు. చప్పట్లు మ్రోగాయి.

వెనుక వరుసలో నిలబడి ఉన్న ఒక స్త్రీ చప్పట్లు ఆగేదాకా ఉండి అడిగింది: "నేను కడిగే బోగీలు రైల్వేవి కావా అయ్యా? మరి నా బిడ్డ బయటి బిడ్డ ఎట్లయితది?" ఆమె కాంట్రాక్టరు క్రింద కోచింగ్ డిపోలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నది. ఆమె ప్రశ్నకు సభలో ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పే అర్హత నాకు లేదనిపించింది. కారణం ముందు మనవి చేస్తాను.

లెక్కలు చెప్పే సత్యం

"బయటి పిల్లలు" అన్న మాట ఆ ఒక్క సభలో పుట్టినది కాదు. 2021లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ ప్రధాన ఆర్థిక సలహాదారు సంజీవ్ సన్యాల్ రైల్వే సంస్థల క్రమబద్ధీకరణపై ఇచ్చిన నివేదికలోనూ ఈ విభజన కనిపిస్తుంది. 2019 నాటికి రైల్వేలు నడిపే 94 పాఠశాలల్లో రైల్వే ఉద్యోగుల పిల్లలు 15,399 మంది కాగా, ఇతరుల పిల్లలు 34,277 మంది. రైల్వేల తోడ్పాటుతో నడిచే 87 కేంద్రీయ విద్యాలయాల్లో ఉద్యోగుల పిల్లలు 33,212 మంది, ఇతరులు 55,386 మంది. రైల్వే పాఠశాలలను కేంద్రీయ విద్యాలయ సంఘటనకు గాని, రాష్ట్ర ప్రభుత్వాలకు గాని అప్పగించాలనీ, అది సాధ్యపడని చోట ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం ఆలోచించాలనీ ఆ నివేదిక సూచించింది. అంతకు ముందే, 2015లో, బిబేక్ దేబ్రాయ్ కమిటీ రైల్వేలు పాఠశాలల నిర్వహణ నుండి తప్పుకొని, ఉద్యోగుల పిల్లలను ఇతర పాఠశాలల్లో, ప్రైవేటువాటితో సహా, చదివించడానికి సబ్సిడీ ఇవ్వవచ్చునని చెప్పింది.

పాలకులు ఈ లెక్కను ఒక విధంగా చదువుతారు. పదిమంది విద్యార్థులలో దాదాపు ఏడుగురు ఉద్యోగుల పిల్లలు కానప్పుడు రైల్వేలకు ఈ భారం ఎందుకని వారి ప్రశ్న. మనం దానిని వేరే విధంగా చదవవలసి ఉన్నది. రైల్వే బడి ఆ పట్టణపు పేదలకు బడి అయింది. రిక్షా లాగేవాని బిడ్డ, స్టేషను ముందు పండ్లు అమ్మే ఆమె కొడుకు, కాంట్రాక్టు కార్మికుని కూతురు అక్కడ చదువుతున్నారు. వీరు ఆక్రమణదారులు కారు. మనం ఖాళీ చేసి వెళ్లిన బల్లలపై వచ్చి కూర్చున్నవారు.

రైల్వేల చరిత్రలో "ఎవరి బడి" అన్న ప్రశ్న పాతదే. ముస్సోరీ కొండలలోని ఝరీపానీ వద్ద 1888లో ఈస్ట్ ఇండియన్ రైల్వే స్థాపించిన ఓక్ గ్రోవ్ పాఠశాల ఆనాటి యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగుల పిల్లలకు ఉద్దేశించినది. పట్టాలు మోసిన గ్యాంగ్‌మన్ బిడ్డ ఆనాడు "బయటి బిడ్డ". ఆ గీతను చెరిపిన ఉద్యమానికి వారసులమైన మనమే, ఇప్పుడు మరొక గీత గీయబూనడం న్యాయమా?

మన భత్యం, మన వలస

నేను గ్యాంగ్‌మన్ కుమారుణ్ణి. రైల్వే బడిలోనే చదువుకున్నాను. ఆ బడి చలువ వల్లనే డిగ్రీ దాకా వెళ్లగలిగాను. కాని నా కుమారుని చదువు వచ్చేసరికి పట్టణంలోని ఒక ప్రైవేటు స్కూలులో చేర్పించాను. విద్యా భత్యం కోసం ఏటా బోనఫైడ్ సర్టిఫికెట్టు జతచేసి దరఖాస్తు పెట్టాను. సాయంత్రం గేటు మీటింగులో ప్రైవేటీకరణను ఖండించాను. ఆ సభలో నా నోరు పెగలకపోవడానికి కారణం ఇదే.

విద్యా భత్యం మన హక్కు. దానిని వదులుకోమని నేను చెప్పడంలేదు. ఏడవ వేతన సంఘం దరిమిలా ఒక్కొక్క బిడ్డకు నెలకు రూ. 2,250గా నిర్ణయమైన ఆ భత్యం 2024 జనవరి 1 నుండి రూ. 2,812.50 అయింది. ఇద్దరు పిల్లల వరకు వర్తిస్తుంది. అయితే దాని ఫలితాన్ని మనం నిజాయితీగా చూడాలి. మన జేబులోకి వచ్చే ఆ సొమ్ము మనలో అధిక సంఖ్యాకుల విషయంలో ప్రైవేటు స్కూళ్ల ఫీజు కౌంటరుకే చేరుతున్నది. దేబ్రాయ్ కమిటీ సూచించిన దారిలో, ఎవరూ ఆదేశించకుండానే, మనం ముందుగా నడిచాము.

"ఉపాధ్యాయులు లేని బడిలో నా బిడ్డను వేసి వాని భవిష్యత్తును బలి పెట్టమంటారా?" అని సోదర ఉద్యోగులు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. ఏ తండ్రీ సిద్ధాంతం కోసం బిడ్డ చదువును పణంగా పెట్టడు. కాని కేంద్రీయ విద్యాలయాల ఉదాహరణ చూడండి. ఉద్యోగుల వేతనాల కోసం ఏర్పడిన రెండవ వేతన సంఘమే బదిలీల వల్ల పిల్లల చదువు దెబ్బతింటున్నదని గుర్తించింది. దాని సిఫారసుపై 1962 నవంబరులో ఈ పథకానికి ఆమోదం లభించింది. 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో అది మొదలైంది. అవి కూడా ప్రభుత్వ పాఠశాలలే. వాటిలో సీటు కోసం పార్లమెంటు సభ్యుల ఇళ్ల ముందు మనవారు నిలబడిన రోజులు మనకు గుర్తే. సభ్యునికి 10 చొప్పున ఉండిన ఆ సిఫారసు సీట్లు 2022లో రద్దయ్యాయి.

ప్రభుత్వ బడి అంటే నాసిరకమే అన్న మాట నిజమైతే ఆ సీట్లకు అంత గిరాకీ ఎందుకు? తేడా ఎక్కడ ఉన్నదో మనకు తెలుసు. ఉపాధ్యాయుడు రాకపోతే ఉత్తరం వ్రాయగలవారు, అధికారిని నిలదీయగలవారు, పిల్లల తల్లిదండ్రులుగా ఆ బడులలో ఉన్నారు. రైల్వే బడిలోనూ, మునిసిపల్ బడిలోనూ అటువంటివారు వెళ్లిపోయారు. మిగిలిన తల్లికి ఎవరిని అడగాలో తెలియదు. అడిగినా వినేవారు లేరు. నోరున్నవారు వెళ్లిపోయిన చోట పదవులు ఖాళీగానే ఉంటాయి.

అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టులో ఈ సంగతినే గుర్తించింది. ప్రభుత్వ ఖజానా నుండి జీతం తీసుకునేవారు, ప్రజాప్రతినిధులు, న్యాయాధికారులు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపాలనీ, అందుకు ఏర్పాట్లు చేయాలనీ జస్టిస్ సుధీర్ అగర్వాల్ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించారు. ఆ తీర్పు కాగితానికే పరిమితమైంది. ఇటువంటి పని నిర్బంధంతో జరిగేది కాదని నా అభిప్రాయం. కాని ఆ తీర్పు వెనుక ఉన్న తర్కం మాత్రం తిరుగులేనిది.

నాయకత్వమంటే కుర్చీ మాత్రమే కాదు

ఇక ఆనాటి సభలోని అసలు వివాదానికి వద్దాం. మంచి ప్రధానోపాధ్యాయుడు అవసరమే. అందులో భిన్నాభిప్రాయం లేదు. కాని అతడు ఎవరికి జవాబుదారి అన్నది తేలకుండా ఎవరిని కూర్చోబెట్టినా ఫలితం ఒకటే.

2009 నాటి విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులు మినహా ప్రతి పాఠశాలలోనూ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు. సభ్యులలో సగం మంది స్త్రీలు. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన నిష్పత్తిలో స్థానం. పాఠశాల పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంటుల వినియోగాన్ని పరిశీలించడం దాని విధులు. ఫీజు కట్టి మనం పంపే ప్రైవేటు స్కూలులో ఈ చట్టం మనకు అటువంటి స్థానం ఇవ్వలేదన్నది గమనార్హం. బోగీలు కడిగే ఆ తల్లికి తన బిడ్డ బడిలో ఉన్న చట్టబద్ధమైన హక్కు, ప్రైవేటు స్కూలు గేటు దగ్గర నిలబడే గుమాస్తాకు లేదు.

అయితే ఆ హక్కు చాలాచోట్ల సంతకాల పుస్తకంలోనే ఉన్నది. కమిటీ సమావేశాలు డ్యూటీ వేళల్లో పెడతారు. రన్నింగ్ సిబ్బంది, సార్టింగులో రాత్రి షిఫ్టు చేసిన తపాలా ఉద్యోగి, రోజుకూలీ తల్లి రాలేరు. లెక్కలు చదివి వినిపించరు. ఇటువంటి చోట ప్రధానోపాధ్యాయుడు మంచివాడైతే ఒంటరివాడవుతాడు. చెడ్డవాడైతే నిరంకుశుడవుతాడు.

దీనికి మరొక ప్రమాదం కూడా ఉన్నది. నోరున్నవారు బడిలోకి తిరిగి వస్తే, ఆ నోటితోనే ఇతరుల పిల్లలను బయటకు నెట్టవచ్చు. ఆనాటి సభలో చప్పట్లు కొట్టిన చేతులు అవే. కాబట్టి మన పిల్లలు ప్రభుత్వ బడిలో ఉండాలి. కాని తలుపు మూసే అధికారం మనకు ఉండరాదు. ఒకే బడి, అందరి పిల్లలు అన్నదే 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిన సామాన్య పాఠశాల విధానం. 1968 జాతీయ విద్యా విధానం దానిని అంగీకరించింది. ఆచరణ మాత్రం నేటికీ మిగిలే ఉన్నది.

మన కర్తవ్యం

ఈ విషయమై మన శాఖలు కొన్ని నిర్దిష్టమైన కోర్కెలు ముందుంచాలి. రైల్వే పాఠశాలల్లో ఖాళీగా ఉన్న ప్రధానోపాధ్యాయ, ఉపాధ్యాయ పదవులను రెగ్యులర్‌గా భర్తీ చేయాలి. ఏ పాఠశాల చేతులు మారినా ఇప్పుడు చదువుతున్న ఏ ఒక్క విద్యార్థి సీటు పోరాదు. ప్రవేశాలలో కాంట్రాక్టు కార్మికుల పిల్లలను, గ్రామీణ డాక్ సేవకుల పిల్లలను ఉద్యోగుల పిల్లలతో సమానంగా లెక్కించాలి. కమిటీలను తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. సమావేశాలు సెలవు రోజున జరగాలి. లెక్కలు బహిరంగంగా చదవాలి.

యాజమాన్యాన్ని అడిగే ముందు మనను మనం అడగవలసినది ఒకటుంది. యూనియన్ బాధ్యతలలో ఉన్నవారు, ముఖ్యంగా చిన్న పిల్లలున్న యువ కార్యకర్తలు, తమ ఊరిలోని రైల్వే బడినో మునిసిపల్ బడినో ఒకసారి వెళ్లి చూడాలి. బిడ్డను చేర్చగలిగితే చేర్చాలి. చేర్చలేకపోతే, ఎందుకు చేర్చలేకపోతున్నారో వ్రాసి శాఖ సమావేశంలో పెట్టాలి. ఆ కారణాల జాబితాయే మన తదుపరి కోర్కెల పత్రం అవుతుంది.

నా కుమారుని విషయంలో ఆ అవకాశం దాటిపోయింది. నా మనుమరాలు వచ్చే జూన్‌లో ఒకటవ తరగతిలో చేరవలసి ఉన్నది. ఇంట్లో చర్చ జరుగుతున్నది. కోడలు ఇంకా ఒప్పుకోలేదు. ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ బడికి హెడ్‌మాస్టరు వచ్చారా, మామయ్యా?"

ఆమెకు "వచ్చారు" అని చెప్పగలగాలి. అందుకు జూన్ దాకా మనకు వ్యవధి ఉన్నది.