పేర్లన్నీ నోటికొచ్చు

యెహోవా యీరే, యెహోవా రాఫా, యెహోవా నిస్సీ, యెహోవా షాలోం, ఎల్ షద్దాయ్, ఎల్ రోయి. సండే స్కూలుకు వెళ్లిన ఏ తెలుగు పిల్లవాణ్ణి అడిగినా వీటిలో నాలుగైనా తడుముకోకుండా చెబుతాడు. ఇళ్ల గుమ్మాల మీద, ఆటోల వెనక, కొట్ల బోర్డుల మీద, వాగ్దాన క్యాలెండర్ల మీద వీటిని రాసుకున్నాం. ఆరాధనలో చేతులెత్తి పాడుతున్నాం. ఇన్ని పేర్లు ఇంత ధారాళంగా పలికే సంఘం ఆ పేర్లు గల దేవుణ్ణి ఎరిగి ఉండాలి. మనం ఎరగలేదు. ఇది సంఘానికి బయట నిలబడి అంటున్న మాట కాదు. ఆదివారం ఆదివారం ఆ బల్లల మీద కూర్చునే మనందరం మొదట దేవుని ముందు, తర్వాత ఒకరి ముందు ఒకరం ఒప్పుకోవలసిన మాట.

బైబిల్లో ఈ పేర్లు ఎక్కడా పట్టికగా లేవు. చాలా పేర్లు ఎవరో ఒకరి కష్టం మధ్యలో వినబడ్డాయి. వాటి వెంట ఒక ఆజ్ఞో, ఒక త్యాగమో, ఒక నిరాకరణో వచ్చింది. కష్టపడిన మనిషిని మనం ఆ పేజీలోనే వదిలేశాం. ఆజ్ఞను చదవకుండా దాటేశాం. పేరును మాత్రం మన అవసరానికి తెచ్చుకున్నాం. మన పాపం ఇది.

ఆదికాండం 16వ అధ్యాయంలో హాగరు ఐగుప్తు దాసి. శారయి ఆమెను తన భర్త అబ్రాముకు ఇచ్చినప్పుడు నీకు ఇష్టమా అని అడిగినవాళ్లు లేరు. గర్భవతి అయ్యాక ఆ ఇంట్లో బాధ పడలేక ఎడారి దారి పట్టింది. ఆ అధ్యాయంలో అబ్రాము గానీ శారయి గానీ ఆమెను దాసి అనే అంటారు, ఒక్కసారి కూడా పేరుతో పిలవరు. షూరు మార్గంలో నీటిబుగ్గ దగ్గర దేవుని దూత పేరుపెట్టి పిలిచాడు. అప్పుడామె తనను చూస్తున్న దేవుడని, ఎల్ రోయి అని, ఆయనకు పేరు పెట్టింది. బైబిల్లో దేవునికి ఒక పేరు పెట్టినట్టు మొదట కనబడే మనిషి ఈ దాసే. ఆమెను ఏడిపించింది అన్యుల ఇల్లు కాదు, విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాడి ఇల్లు.

ఎల్ రోయి అని పాడే మనం ఎవరిని చూస్తున్నాం? 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతపు పేదజనం బకింగ్‌హాం కాలువ తవ్వి పొట్టపోసుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు ఊరు దగ్గరికి రానివ్వని మాదిగలు. తమను చూసే దేవుడున్నాడని నమ్మి వచ్చినవాళ్ల సంతానం ఈ రోజు మన సంఘాల్లో ఉంది. ఆ సంఘాల్లోనే మనం మాలలకో గుడి, మాదిగలకో గుడి కట్టుకున్నాం. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు క్రైస్తవులమని చెప్పి, వెంటనే ఏ క్రైస్తవులని అడిగాం. పైకులాల నుంచి ఒక కుటుంబం వస్తే ముందు వరసలో కుర్చీ వేశాం, తాతల కాలం నుంచీ వస్తున్న కూలివాణ్ణి వెనక్కి జరిపాం. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, ఇంటికి పోయి మన కులంలోకి మనం తిరిగి చేరాం. మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మాయిని పనిమనిషి అనే పిలిచాం. హాగరు దేవుణ్ణి ఆరాధించామనుకున్నాం గానీ మనం ఉన్నది శారయి ఇంట్లో.

యెహోవా యీరే మన గుమ్మాల మీద ఎక్కువగా కనిపించే పేరు. కొత్త ఇల్లు కట్టినా కారు కొన్నా ఆ పేరే పెడతాం. మోరీయా కొండ మీద అబ్రాహాము ఆ చోటికి ఆ పేరు పెట్టినప్పుడు అతని చేతిలో కొత్తగా వచ్చిన ఆస్తి ఏమీ లేదు. మూడోనాటికి ఆ కొండ కంటబడే దాకా నడిచి వచ్చింది ఉన్న ఒక్క కొడుకును ఇవ్వడానికి. పొదలో చిక్కుకున్న పొట్టేలు దొరికింది. దాన్ని ఇంటికి తోలుకుపోలేదు, అక్కడే బలిగా అర్పించాడు. దేవుడు సమకూర్చింది కూడా బలిపీఠం మీదికే వెళ్లింది. ఈ సంగతి మనం పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా? మనకు వచ్చినదాన్నల్లా దేవుడు సమకూర్చాడని సాక్ష్యం చెప్పాం. అందులోంచి ఏది తిరిగి బలిపీఠం మీద పెట్టాలో అడగలేదు. సాక్ష్యం చెప్పడానికి ఏమీ లేనివాడు వెనక బల్ల మీద తలవంచుకు కూర్చుంటే, అతనికి దేవుడు సమకూర్చవలసింది మన చేతుల మీదుగానేమోనన్న ఆలోచనే రాలేదు.

రాఫా అనే పేరుతో మనం చేసిన గాయం ఇంకా లోతైనది. స్వస్థత కూటాల్లో ఆ పేరును మైకులో గట్టిగా చెప్పాం. జబ్బు నయంకాని తల్లి మళ్లీ వస్తే, అమ్మా నీకు విశ్వాసం చాల్లేదన్నాం. నిర్గమకాండం 15వ అధ్యాయం తెరిచి చదివి ఉంటే ఆ మాట అనలేకపోయేవాళ్లం. మూడు రోజులు నీళ్లు దొరక్క నడిచిన జనం మారా దగ్గర చేదునీళ్లు చూసి మోషే మీద సణిగారు. అక్కడ గొప్ప విశ్వాసం ఏమీ కనబడదు. అయినా దేవుడు నీళ్లను తియ్యగా చేశాడు, ఆ తర్వాతే తాను స్వస్థపరిచేవాడినని చెప్పాడు, తన మాట విని న్యాయంగా నడవమన్నాడు. ముందు నీళ్లిచ్చాడు, తర్వాత నడత అడిగాడు. మనం జబ్బుపడ్డవాళ్లను ముందు విశ్వాసం చూపించమన్నాం, మన నడతను ఎవరూ అడగకుండా చూసుకున్నాం. మంచం మీద ఉన్న మనిషికి రోగంతో పాటు అపరాధభారం కూడా మోపి ఇంటికి పంపాం. ఆ కుటుంబాల్లో కొన్ని మళ్లీ గుడి మెట్లెక్కలేదు. వాళ్లు తొలగిపోయారని ప్రార్థనల్లో చెప్పుకున్నాం గానీ తోసింది ఎవరో చెప్పుకోలేదు.

నిస్సీ పేరును శత్రువుల మీద విజయంగా మార్చుకున్నాం. మన దృష్టిలో శత్రువు అంటే పొలం గట్టు దగ్గర పొరుగువాడు, ఆఫీసులో మనకంటే ముందు పైకి వెళ్లినవాడు. ఆ పేరు అమాలేకీయులతో జరిగిన యుద్ధంలోంచి వచ్చింది. వాళ్లు చేసిన పాపమేమిటో ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం చెబుతుంది. అలసి వెనకబడిన బలహీనుల మీద పడ్డారు. రెఫీదీములో ఎత్తిన ధ్వజం వెనకబడ్డవాళ్ల కోసం ఎత్తింది. ఆ రోజు మోషే చేతులు బరువెక్కి వాలిపోతుంటే అహరోను, హూరు చెరోవైపు నిలబడి సూర్యుడు అస్తమించే దాకా పట్టుకున్నారు. మన పల్లెల్లో నెలకు చాలీచాలని కానుకలతో పరిచర్య చేసే కాపరి అలసిపోతే మనం చేతులు పట్టుకోలేదు, ఈయన ప్రసంగంలో పస తగ్గిందన్నాం.

సైన్యములకధిపతియైన యెహోవా అంటే మనకు యుద్ధం గుర్తొస్తుంది. బైబిల్లో దేవుణ్ణి ఆ పేరుతో పిలిచి ప్రార్థించినట్టు మొదట కనబడేది ఏ సేనాపతీ కాదు, పిల్లల్లేరని సవతి చేత మాటలు పడ్డ హన్నా. షిలోహులో ఆమె పెదవులు మాత్రమే కదులుతుంటే యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఈనాటి ఏలీలం మనమే. పిల్లల్లేని ఆడబిడ్డను శుభకార్యంలో పక్కకు నిలబెట్టాం. విధవరాలిని పెళ్లి ప్రార్థనకు ముందు వరసలోకి రానివ్వలేదు. నలుగురి ముందు మీకింకా ఏమీ లేదా అని అడిగాం. సమస్త సైన్యాలకు అధిపతి ఎవరి పక్షాన నిలబడ్డాడో చదివి కూడా మనం అవతలి పక్షానే ఉండిపోయాం.

ఆదికాండం 14లో సర్వోన్నతుడైన దేవుని పేరు మీద చెయ్యెత్తి అబ్రాము చేసిన ప్రమాణం సొదొమ రాజు సొమ్ములో నూలుపోగైనా, చెప్పుల వారైనా ముట్టనని. ఆ పేరు అతనికి వద్దనే ధైర్యం ఇచ్చింది. మనం ఎన్నికల ముందు సెమీ క్రిస్మస్ వేదిక మీద నాయకుణ్ణి కూర్చోబెట్టి, గుడి స్లాబుకు ఎంతిస్తారో ప్రకటించమని అడిగి, ఆ వేదిక మీదే సర్వోన్నతుని స్తుతించాం.

యెహోవా మనకు నీతి అనే పేరు యిర్మీయా 23లో ఉంది. దాని ముందు అధ్యాయం మనం చదవం. అందులో ప్రవక్త యెహోయాకీము రాజును నిలదీస్తాడు. అన్యాయంగా మేడలు కట్టుకుంటూ పొరుగువాడి చేత జీతమివ్వకుండా పని చేయించుకున్నందుకు శ్రమ అంటాడు. ఆ రాజు తండ్రి యోషీయా పేదలకు, దీనులకు న్యాయం చేశాడనీ, తన్ను తెలుసుకోవడమంటే అదేననీ దేవుని మాటగా చెబుతాడు. ఆయన పేర్లు తెలుసుకోవాలనే మన తాపత్రయానికి ఇంతకంటే సూటి జవాబు లేదు. దేవుణ్ణి ఎరగడం ఎక్కడ మొదలవుతుందో ఆయనే చెప్పాడు. మన సంఘం పెట్టిన బడిలో పంతులమ్మకు ఎంత జీతమిస్తున్నాం? గుడి ఊడ్చే మనిషికి, గేటు దగ్గర రాత్రంతా కూర్చునే ముసలాయనకు? పెద్దలు మిషన్లకు రాసిచ్చిన స్థలాల కోసం మనలో మనమే కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం. వకీళ్లకు కట్టిన డబ్బు ఈ చిన్న జీతగాళ్లకు అందలేదు.

ఇదంతా చదువు లేక జరగలేదు. దేవుని నామాల మీద సదస్సులు పెట్టుకున్నాం, చార్టులు గోడకు అంటించాం. ఒక గడిలో హీబ్రూ పేరు, పక్క గడిలో అర్థం, ఆ పక్కన మనకు కలిగే ఆశీర్వాదం. ఆ పేరు మన నుంచి ఏమి అడుగుతుందో రాసే గడి గీయలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక్కో వాగ్దానం కార్డు తీసుకుని ఏడాదంతా దాన్నే పట్టుకున్నాం. ఆ కార్డుల్లో యిర్మీయా 22 లేదు, ఎందుకంటే కార్డులు అచ్చు వేయించింది మనమే. నాలుగు అక్షరాల దేవుని నామం హీబ్రూ బైబిల్లో 6,800కు పైగా చోట్ల కనిపిస్తుంది. దాన్ని యెహోవా అనాలా యాహ్వే అనాలా అని గొంతులు చించుకుని సహవాసాలు చీల్చుకున్నాం. ఆ నామాన్ని దేవుడే సీనాయి మీద ప్రకటించిన తీరు నిర్గమకాండం 34లో ఉంది. కనికరం, దయ, దీర్ఘశాంతం, కృప, సత్యం, దోషిని వదలని న్యాయం. ఆయన నామం గురించి వాదిస్తూ ఆ నామంలో ఉన్నవన్నీ పోగొట్టుకున్నాం.

మూడో ఆజ్ఞను ఒట్టు పెట్టుకోవద్దన్న నీతిగా పిల్లలకు నేర్పాం. ఆయన పేరు పెట్టుకుని ఆయన అడిగింది చెయ్యకపోవడం కూడా ఆ నామాన్ని వ్యర్థం చేయడమేనని నేర్పలేదు, ఎందుకంటే నేర్పితే మొదట మనమే నిలబడాలి. యోహాను 17లో యేసు తన శిష్యులకు తండ్రి నామాన్ని తెలియజేశానని ప్రార్థించాడు. ఆయన వాళ్లకు పట్టిక ఇవ్వలేదు. కుష్ఠురోగిని ముట్టుకున్నాడు, సుంకరి ఇంట్లో భోంచేశాడు, పాదాలు కడిగాడు. తాను మంచి కాపరినని చెప్పింది కూడా, కళ్లు వచ్చిన గుడ్డివాణ్ణి మత పెద్దలు సమాజమందిరం నుంచి వెలివేశాకే. యోహాను 9, 10 అధ్యాయాలు కలిపి చదివితే తెలుస్తుంది. వెలివేసినవాళ్లు లేఖనాలు బాగా వచ్చినవాళ్లు.

కాబట్టి నామాలు చదవడం మానాలని కాదు, మొదటినుంచి చదవాలని. ఒక్కో పేరుకు అధ్యాయం మొత్తం, దాని ముందు అధ్యాయం కూడా. చదివాక ఏడుస్తున్నది ఎవరు, ఏడిపించింది ఎవరు, దేవుడు అడిగింది ఏమిటి అని సంఘమంతా కూర్చుని తేల్చుకోవాలి. తేలినదాన్ని కమిటీ మీటింగ్ మినిట్స్ లో రాసి, ఖర్చు రాసి, గడువు రాసి పెట్టాలి. యిర్మీయా 22 చదివిన నెలలో గుడి పనివాళ్ల బకాయి జీతాలు తీరాలి. మారా చదివిన వారం, విశ్వాసం చాల్లేదని మనం నొప్పించిన ఇళ్లకు పెద్దలు వెళ్లి తప్పయిందని చెప్పాలి. మొదటి పాఠం ఆదికాండం 16 కావాలి. అది చదివిన రోజు మన సంఘంలో హాగరు ఎవరో గుర్తుపట్టి, ఆమె పేరు కనుక్కుని, ఆ పేరుతో పిలిచి, క్షమించమని అడగాలి.