సక్కెర అంటే తీపి తగ్గుద్దా?

బళ్ళో పంతులు డిక్టేషన్ చెబుతాడు: "చింతపండు". వాడ పిల్ల ఇంట్లో విన్నది విన్నట్టు రాస్తుంది: "సింతపండు". ఎర్రసిరాతో అడ్డగీత పడుద్ది. అంతవరకు పర్వాలేదు, రాత నేర్పడం పంతులు పనే. కానీ గీతతో ఆగదు. "మీ వాళ్ళకి నోరు తిరగదు" అని ఒక మాట పడుద్ది. తరగతి నవ్వుద్ది. ఆ రోజునుంచి ఆ పిల్ల బళ్ళో నోరు తెరవడం మానేస్తుంది. అమ్మ మాటే తప్పని తేల్చాక ఇంక ఏం మాట్లాడుద్ది?

ఈ నోరు తిరగడం ఎవరికి వచ్చో, ఎవరికి రాదో ఒకసారి లెక్క తీద్దాం. తిండి మాటల దగ్గరే తీద్దాం. అందరూ తినేవే కదా!

తెలుగు నేల మీద ఒక్కో చోట ఒక్కో పలుకు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో చేప సేప అయింది. తెలంగాణ పల్లెల్లో శాప అయింది. మజ్జిగని తెలంగాణలో సల్ల అంటారు. అక్కడ పెరుగు పెర్గు అవుద్ది, మిరపకాయ మిర్పకాయ అవుద్ది. కోస్తాలో వెల్లుల్లి, తెలంగాణలో ఎల్లిగడ్డ, సీమలో తెల్లగడ్డ. ఉల్లిపాయ తెలంగాణకొస్తే ఉల్లిగడ్డ, సీమకి పోతే ఎర్రగడ్డ. రాగులు ఉత్తరాంధ్రలో చోళ్ళు, తెలంగాణలో తైదలు. ఏ పేరుతో కాచినా అంబలి అంబలే.

ఇందులో నోరు జారి వచ్చిన మాట ఒక్కటీ లేదు. చింతపండుని సింతపండు అన్న నోటే చేపని సేప అంటుంది, చెరకుని సెరకు అంటుంది, చక్కెరని సక్కెర అంటుంది. వెన్న ఎన్న అయినచోట వేపుడు ఏపుడు అవుద్ది. వరస తప్పకుండా నడిచేదాన్నే వ్యాకరణం అంటారు. మనోళ్ళ మాటకీ ఆ వరస ఉంది. పుస్తకంలోకి ఎక్కలేదు, అంతే.

పుస్తకంలోకి ఎక్కినవి ఎట్లా ఎక్కాయో చూడండి. సంస్కృతంలోని శర్కర తెలుగులో చక్కెర అయింది. శ పోయి చ వచ్చింది. పండితులు దానికి తద్భవం అని పీట వేశారు. ఆ చక్కెర మన నోట్లో సక్కెర అయింది. చ పోయి స వచ్చింది. దీనికి గ్రామ్యం అని పేరు పెట్టి గడప బయట నిలబెట్టారు. చెరకు సంగతీ ఇంతే. వెనకటికి దాన్ని బండి ఱతో చెఱకు అని రాసేవాళ్ళు. ఆ ఱ పలుకు ఇవాళ పండితుడి నోట్లోనూ లేదు, పాలేరు నోట్లోనూ లేదు. పండితుడు కూడా పోగొట్టాడు గనక అది తప్పు కాలేదు. సెరకు అంటే మాత్రం తప్పయింది.

1850ల్లో చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగుని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు భాగాలు చేసింది. నాలుగో దాని చోటు ఎక్కడో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం గట్టిగా పోరాడారు. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించిన మనిషి ఆయన. ఆ గౌరవం ఆయనకి ఉండాల్సిందే. అయితే ఆ పోరాటం గెలిచాక పత్రికల్లోకి, పాఠాల్లోకి ఎక్కిన వాడుక ఎవరిది? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న పైకులాలది. దానికి శిష్ట వ్యావహారికం అని పేరు. శిష్టులు ఉన్నారంటే శిష్టులు కానివాళ్ళూ ఉన్నట్టే. తెలంగాణ, సీమ, ఉత్తరాంధ్ర ఆ లెక్కలో బయటికి పోయాయి. ఆ కృష్ణా, గుంటూరుల్లో కూడా మన వాడలు బయటే ఉండిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఊళ్ళో ఇట్లా పలికేది మనమొక్కళ్ళమే కాదు. దొర గడీలోనూ సల్లే, పెత్తందారు ఇంట్లోనూ సింతపండే. మోతుబరిని ఆపి "చింతపండు అనండి" అని దిద్దిన పంతులు ఎక్కడన్నా ఉన్నాడా? ఆయనంటే అది ఊరి యాస. మన పిల్లంటే నోరు తిరగని జాతి. యాస ప్రాంతానిది, సిగ్గు మాత్రం కులానిది. సినిమాలు ఏళ్ళ తరబడి చేసిందీ ఇదే. హీరోకి పుస్తకం మాట, పనివాడికీ రౌడీకీ మన మాట.

ఏమీ మారలేదని అనం. 1962లో సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం అచ్చేసింది. అందులోని వ్యవసాయ పదాల్ని జిల్లాలు తిరిగి సేద్యం చేసేవాళ్ళ దగ్గరే సేకరించారు. యాస మీద పడ్డ ఎగతాళి తెలంగాణ ఉద్యమానికి ఒక కారణమైంది. 2014లో రాష్ట్రం వచ్చాక ఆ మాటకి వేదికల మీద గౌరవం పెరిగింది. కానీ ప్రాంతానికి దక్కిన గౌరవం దానంతట అది వాడదాకా నడిచి రాదు. మనమే తెచ్చుకోవాలి.

మొదట బడి. బళ్ళలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. వంటవాళ్ళుగా దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఆ వండే అమ్మ కూరగాయని ఏ పేరుతో పిలుస్తుందో ఆ పేరు బోర్డు మీద రాయమని పంతుల్ని అడగండి. పక్కనే పరీక్షలో రాయాల్సిన మాట రాయమనండి. పిల్లలకి రెండూ రావాలి. పుస్తకం మాట రాకపోతే ఉద్యోగం రాదు, దరఖాస్తు కదలదు. దాన్ని నేర్చుకోడానికి అమ్మ మాటని చంపుకోనక్కర్లేదని మాత్రమే అంటున్నాం.

తర్వాత మన సభలు. ఒక జిల్లా కార్యకర్త మాటకి ఇంకో జిల్లా కార్యకర్త నవ్వితే అక్కడే ఆపండి. మైకు ముందు పుస్తకం మాట కోసం తడుముకునే అక్కకి "నీ మాటలోనే చెప్పక్కా" అని ధైర్యం చెప్పండి.

ఆఖరిది మాటలు పోగుచెయ్యడం. మీ వాడలో ముసలమ్మల దగ్గర కూర్చోండి. అంబలి, గటక, సంగటి, ఎండుచేపలు, తునకలు ఎట్లా వండుతారో అడగండి. వాళ్ళు పలికింది పలికినట్టు రాయండి, దిద్దొద్దు. ఊరి పేరు పెట్టి పంపండి. వచ్చింది వచ్చినట్టు అచ్చేస్తాం.

చెరకు నరికేది మనం. చింతపండు కొట్టి గింజ తీసేది మన ఆడోళ్ళు. ఆ పని చేసిన చేతులవాళ్ళకి దాని పేరు పలకడం రాదంటే ఎట్లా ఒప్పుకుంటాం?