ఐదింటికి గేటు దగ్గర

తెల్లవారుజామున 4.50కి మా గేటు గొళ్ళెం రెండుసార్లు మోగుతుంది. ఎదురింటి వదిన. చెవుల మీదుగా చుట్టిన చున్నీ, చేతిలో సెల్‌ఫోను లైటు. వీధి చివర వేపచెట్టు కింద ఇంకో ఇద్దరు నిలబడి ఉంటారు. నలుగురం కలిసి విజయవాడ సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్‌ రోడ్డెక్కుతాం. ఒకప్పుడు అక్కడ రైలు పట్టాలుండేవి. ఇప్పుడు ఆ వేళకు ఎటు చూసినా నడిచేవాళ్ళే.

సంక్రాంతి వెళ్ళాక డాక్టరుగారు నా నడుముకు టేపు చుట్టి 98 సెంటీమీటర్లని రాశారు. మన దేశంలో ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడాలన్నది వైద్యుల లెక్క. బరువు 82 కిలోలు. అంతకుముందు నాలుగుసార్లు ఒంటరిగా నడక మొదలుపెట్టాను. ఒక్కసారీ రెండు వారాలు దాటలేదు. చినుకు పడితే మానేశాను, చుట్టాలొస్తే మానేశాను. మానేసిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు, అడిగేవాళ్ళూ లేరు.

ఇప్పుడు నేను రాకపోతే చెట్టు కింద ముగ్గురు ఎదురు చూస్తూ ఉంటారు. పది నెలలుగా నన్ను మంచం దించుతున్నది అదే. పట్టుదల ఉంటే చాలంటారు గానీ నేను ఒప్పుకోను. నాకు పట్టుదల అప్పుడూ ఉంది. తోడే లేదు.

మూడో వారంలో నా కుడి మోకాలు వాచింది. మాలో అందరికంటే చురుగ్గా నడిచేది రిటైరైన టీచరమ్మగారు. ఆవిడ ఏమీ అనకుండా వెనక్కి వచ్చి, నా పక్కన చేరి, నా అడుగుకు తన అడుగు తగ్గించుకున్నారు. నెల రోజులు అలాగే నడిచారు. ఎంత తగ్గావని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా ముందు మన ఒంటి మీదే మాట పడుతుంది. బరువున్న మనిషికి ఆ మాట ఎత్తకపోవడం ఎంత పెద్ద సాయమో పడ్డవాళ్ళకే తెలుసు.

మొదటి రెండు నెలలు తూకం ముల్లు కదల్లేదు. అరగంట చురుకైన నడకకు ఖర్చయ్యేది 150 కేలరీలకు అటూ ఇటూ. నెయ్యి వేసిన ఉప్మా పెసరట్టు ఒక్కటి తింటే దాన్ని దాటిపోతుంది. మేమేమో నడక కాగానే టిఫిన్ సెంటరు దగ్గర ఆగేవాళ్ళం. "ఇకనుంచి టీ మా ఇంట్లో, చక్కెర లేకుండా" అని వదినే ఓ రోజు తేల్చేసింది. రాత్రి అన్నం సగం చేశాను. కొత్తావకాయ, వేడన్నం, నెయ్యి ముందుండగా చెయ్యి కడుక్కోవడం కృష్ణా జిల్లాలో పెరిగిన మనిషికి తేలిక కాదు. ఇవాళ నా బరువు 74 కిలోలు.

రోజుకు పదివేల అడుగులు పడకపోతే లాభం లేదని బెంగపడేవాళ్ళకు ఒక మాట. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. కబుర్లాడుతూ నడిస్తే ఆ వేగం ఇట్టే తెలిసిపోతుంది.

కలిసి నడవడం మనకు కొత్త కాదు. భవానీ దీక్ష విరమణకు ఊళ్ళ నుంచి ఎర్రబట్టలతో జట్లు జట్లుగా ఇంద్రకీలాద్రికి నడిచి వస్తారు. అరికాళ్ళు పొక్కినవాళ్ళ కోసం తక్కినవాళ్ళు ఆగుతారు. మొన్న కార్తీకంలో మేం నలుగురం గిరి ప్రదక్షిణ చేశాం. చిట్టినగర్ దాటినా నేనెక్కడా కూర్చోలేదు.

చీకటితో ఒక్కతే బయల్దేరే ధైర్యం అన్ని వీధుల ఆడవాళ్ళకూ లేదు. బందరు, ఏలూరు, రైవస్ కాలవ గట్ల మీద తెల్లారేదాకా దీపాలు వెలగనివ్వమనీ, నడిచే చోట ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్లు కట్టించమనీ నగరపాలక సంస్థను అడుగుతున్నాను. మైదానాలున్న కాలేజీలు ఉదయం రెండు గంటలు గేట్లు తీస్తే ఎంతో మేలు. ఇక మీ వీధిలోనూ, నలుగురూ చూస్తారని గడప దాటని మనిషి ఒకరు ఉండే ఉంటారు. రేపు ఐదింటికి వాళ్ళ గేటు తట్టండి.