ప్రళయకావేరి గోరీలు, మన మరపు

ఇటీవల మనవారు కూడిన ఒక సభలో ఒక పెద్దమనిషి లేచి ఇట్లు గర్జించిరి: ‘‘పళవేర్కాటిలోని డచ్చివారి గోరీలకు ప్రభుత్వమువారు గోడ కట్టి, తలుపు పెట్టి, బోర్డు పాతి కాపాడుట యెందులకు? మనలను దోచుకొన్నవారి యెముకలకు ఇంతటి మర్యాదయా?’’ సభలో చప్పట్లు మ్రోగినవి. మేము చప్పట్లు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పుటకు అచ్చట వ్యవధి చాలలేదు గనుక ఇచ్చట చెప్పుచున్నాము.

పళవేర్కాడు మనకు పరాయి ఊరు కాదు. పటములలో పులికాట్ అని కనబడు ఆ ఉప్పునీటి సరస్సును తెలుగువారు ప్రళయకావేరి యనిరి. స. వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఆ తీరపు తెలుగు ఎంత కమ్మనిదో తెలియును. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల సరిహద్దులు సవరించినపుడు సత్యవేడు ప్రాంతము అటు పోయినది, తిరుత్తణి ఇటు వచ్చినది. సరస్సులో అధికభాగము ఆంధ్రమునకు దక్కినది. పళవేర్కాడు ఊరు తమిళనాటనే నిలిచినది. గీతకు ఇటుప్రక్క మిగిలినవారము మనము.

డచ్చివారు 1610లో విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయల అనుమతితో అచ్చట వర్తకము పెట్టిరి. 1613లో గెల్డ్రియా యను కోట లేచినది. 1690 వరకు కోరమండల తీరమునందలి వారి వ్యాపారమునకెల్ల అదియే ముఖ్యస్థానము. ఆంగ్లేయులు 1806లో ఆ కోటను పడగొట్టిరి. 1825లో ఊరు కూడ వారి పాలయ్యెను. నేడు కోట యున్న చోట దిబ్బలును, పొదలును తప్ప చూడదగినది లేదు. గోరీలు మాత్రము మిగిలినవి.

ఆ శ్మశానపు ద్వారమునకు ఇరుప్రక్కల రెండు అస్థిపంజరములను రాతిలో చెక్కిరి. లోనికి పోయినచో చెక్కుడు పనితనము గల పెద్ద పెద్ద పలకలును, కోసుగా లేచిన కట్టడములును కలవు. వానిపై అక్షరములు ఇంగ్లీషు అక్షరములవంటివే గనుక కూడబలుకుకొని చదువవచ్చును. అర్థము మాత్రము కాదు, భాష డచ్చి. సంవత్సరములు తెలుపు అంకెలొక్కటే మనకు దక్కును. అయినను పోయినవారి పేరు, పోయిన యేడు అచ్చట నిలిచియున్నవి.

పెద్దమనిషి చెప్పిన దోపిడి అబద్ధమా? కానేకాదు. మన నేతగాండ్రు నేసిన బట్టను తూర్పు దీవులకు కొనిపోయి, సుగంధద్రవ్యములు కొని, లాభమంతయు తామే మూటగట్టిరి. ఆ ఊరనే తుపాకిమందు చేయించిరి. అంతకంటె ఘోరము, కరవు కాలములలో తిండిలేక అమ్ముడుపోయిన మనుష్యులను ఓడలకెక్కించి బతేవియాకు, అనగా నేటి జకార్తాకు, బానిసలుగా పంపిరి. అయితే ఈ సంగతి మనకెట్లు తెలిసినది? ఆ కంపెనీవారు వ్రాసి దాచుకొన్న లెక్కల వలననే గదా! ఓడలలో పోయినవారి బిడ్డలము మనము వ్రాసిపెట్టుకొన్నది ఒక్క పంక్తియు లేదు. దోచినవాని గోరీని పగులగొట్టినంత మాత్రమున దోపిడి తీరదు. దానికి సాక్ష్యము తగ్గును. 1958 నాటి చట్టము క్రింద ఆ స్థలమును కాపాడుచున్నందుకు పురావస్తుశాఖవారిని మేము నిందింపజాలము.

అబ్రహాం రోజేరియుస్ అను డచ్చి మతగురువు 1632 నుండి పదేండ్లపాటు పళవేర్కాటిలో నుండెను. పద్మనాభుడను బ్రాహ్మణుని ఎదుట కూర్చుండి మన ఆచారములను, దేవతలను గూర్చి అడిగి తెలిసికొని ఒక గ్రంథము వ్రాసెను. అది 1651లో లేడెన్ నగరమున అచ్చయ్యెను. భర్తృహరి సుభాషితములు ఐరోపా భాషలలోనికి తొలిసారి పోయినది ఆ గ్రంథము ద్వారముననే. పద్మనాభునికి సమాధి లేదు, శిల లేదు. అతని పేరు నేటికి నిలిచియుండుటకు ఆ పరదేశి దానిని వ్రాయుట యొక్కటే కారణము. మనవారెవ్వరును వ్రాయలేదు. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

ఇక మా అసలు తగవు డచ్చివారితో కాదు, మనతోనే. ‘‘మనము కాల్చువారము, గోరీలతో మనకేమి పని?’’ అని కొందరందురు. కాల్చువారు కాల్తురు. కాని జంగములు, వీరశైవులు, క్రైస్తవులు, ముసల్మానులు, ఇంకను అనేక వ్యవసాయ కులములవారు పూడ్చువారే. పసిబిడ్డలను అందరును పూడ్తురు. శిల నిలుపుట పరదేశాచారమను వాదము మరింత తేలిక. ఊరి ఆవులమంద కొరకు పోరాడి కూలినవానికి వీరగల్లు నిలిపినది మనవారు కారా? తమిళనాట నడుగల్లులు లేవా?

తర్పణము విడుచునప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లును, తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లును చెప్పవలెను. పురోహితుడు అడుగగానే మూడవ పేరు కడ నోరు తడబడనివాడు మనలో నెందరు? వేదములను మూడువేల యేండ్లు కంఠస్థము చేసిన జాతి అని చెప్పుకొందుము. ముత్తవ్వ పేరు చెప్పలేము!

మా యెరుకలో ఒక ఊరి శ్మశానము కలదు. మన పూర్వులు ఆ ఊరికి వలసవచ్చి అడవి కొట్టి చెరువు త్రవ్వుకొన్నారని పెద్దలందురు. అచ్చట తెలుగు అక్షరములు చెక్కిన పలకలు మా చిన్నతనమున పదిపన్నెండు ఉండెడివి. ఇప్పుడు మూడు కలవు. ఒకటి మురుగుకాలువపై దాటుబండయై, అక్షరముల ప్రక్క పైకి పెట్టుకొని, వచ్చిపోవువారి కాళ్ళక్రింద అరుగుచున్నది. ఆ బండను అచ్చట వేసినవాడు పరాయివాడు కాదు, మనవాడే. అడిగితిమి. ‘‘అది తెలుగని నాకేమి తెలియునయ్యా, ఏదో గీతలనుకొంటిని’’ అని అతడు నిజమే చెప్పెను. అతని చదువు తమిళమున సాగినది. 2006 నాటి తమిళ విద్యా చట్టము తరువాత చదివిన బిడ్డల సంగతి వేరుగా చెప్పవలెనా? పళవేర్కాటిలో డచ్చి పలక ముందు మనమెట్లు నిలుతుమో, మన తాతల పలకల ముందు మన మనుమలు అట్లే నిలుతురు. అంకెలు మాత్రము చదివి పోవుదురు. డచ్చి పలకకు గోడయైన కలదు.

దీనికి ప్రభుత్వమునకు అర్జీలు పెట్టుదమని సంఘపువారు తీర్మానించినచో మేము సంతకము చేయుదుము గాని, అంతటితో ఊరకుండుట మాకు సమ్మతము కాదు. దఫ్తరములలో జీవితము వెళ్ళబుచ్చినవారము. రిజిస్టరు కెక్కని పేరు గతి మాకు తెలియును. ఒక్కొక్క ఊరి మనవారు ఒక్కొక్క గీతల నోటుపుస్తకము తీసికొని శ్మశానమునకు పోవుడు. పలక యున్నచో దానిపై నున్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయుడు, ఫొటో తీయుడు. పలక లేనిచోట ఏ చెట్టునకు ఏ దిక్కున ఎవరిని పూడ్చిరో ముసలివారి నడుగుడు. ఇంటిపేరు, గోత్రము, వచ్చిన ఊరు, పోయిన యేడు వ్రాయుడు. తెలుగులో ఒక ప్రతి, మీరున్న నాటి భాషలో ఒక ప్రతి. కాల్చువారును తమ పేర్లు ఇందులో చేర్పించుకొనవచ్చును; పుస్తకమునకు నిప్పు, మన్ను అను భేదము లేదు. ఇట్టి సంచికలలో దాతల పేర్లకును, శుభాకాంక్షల ప్రకటనలకును పుటలకు పుటలు దొరకుచున్నవి. ఊరు పెట్టినవారికి నాలుగు పుటలు దొరకకపోవునా?

మా యింటి పుస్తకము మేము మొదలుపెట్టితిమి. రెండవ పుటలోనే ముత్తవ్వ పేరు కడ ఆగితిమి. ఆమె నెల్లూరి వైపునుండి వచ్చినదనియు, ఇంటిల్లిపాదియు ఆమెను నెల్లూరవ్వ అనియే పిలిచిరనియు తెలిసినది. అసలు పేరు చెప్పగల బంధువులు ఇద్దరే మిగిలిరి. ఒకరికి మతిమరపు. రెండవవారు హోసూరులో నున్నారు. వచ్చే వారము పోవుచున్నాము.