ట్రాలీ వెనక ఎర్ర టేపు

డోన్‌లో కొత్త ట్రాక్టరు దిగితే ముందు గుడికి పోతుంది, ఆ వెంటనే స్టిక్కర్ల అంగడికి పోతుంది. బానెట్ మీద ఇంటిదేవుడి పేరు, మడ్‌గార్డుల మీద పిల్లల పేర్లు, ట్రాలీ పక్క రేకుల మీద అభిమాన హీరో, వెనక తలుపు మీద ఇంటిపేరు, ఊరిపేరు ఎక్కుతాయి. బేరమంతా అక్షరాల సైజు మీదే. ‘పేరు ఇంకొంచెం పెద్దగా పడాలప్పా’ అంటాడు యజమాని. అంతా అయ్యాక అంగడాయన ‘అన్నా, వెనక ఎర్ర రేడియం టేపు గూడా ఏసేదా?’ అని అడిగితే మాత్రం ‘ఇప్పుడెందుకులే, రాత్రిళ్లు తిప్పంగదా’ అంటూ బండెక్కేస్తాడు.

ఈ వారం నా పేచీ ఆ ఒక్క మాటతోనే.

స్టిక్కరు పని మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. అది చేసేవాడికే తెలిసే పని. కోరల్‌డ్రాలో పేరు దిద్ది కటింగ్ మిషనుకు పంపితే, సన్నటి బ్లేడు పైనున్న వినైల్ పొరను మాత్రమే కోసి, అడుగున ఉన్న కాగితాన్ని తాకకుండా వదలాలి. తర్వాత అక్షరాల చుట్టూ ఉన్న వేస్టును పీకెయ్యాలి. ఇంగ్లీషు అక్షరాలైతే సర్రున వచ్చేస్తుంది. తెలుగు దగ్గరే ఓపిక కావాలి. ప, స, హ లాంటి అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. తొందరపడి లాగితే వేస్టుతో పాటు తలకట్టూ లేచి వస్తుంది. ‘ధ’ కింది గీత ఊడిందంటే ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి అయిపోతుంది. అందుకే చెయ్యి తిరిగినవాడు సన్నపాటి ఫాంటు జోలికి పోడు. లావు గీతల అక్షరాలు తీసుకుని, తలకట్టు వచ్చిన చోటల్లా పిన్నుమొనతో అదిమిపట్టి వేస్టు లాగుతాడు.

అతికించేటప్పుడు మన ఎండా, మన దుమ్మూ రెండూ అడ్డమే. రేకు తుడవకుండా పెడితే జిగురు దుమ్మును పట్టుకుంటుంది గానీ రేకును పట్టుకోదు. మిట్టమధ్యాహ్నం కాలుతున్న రేకు మీద పెడితే తాకిన చోటే అతుక్కుంటుంది, జరపబోతే సాగుతుంది. పొద్దున్నే గానీ, నీడలో గానీ సబ్బునీళ్లు చల్లి, ప్లాస్టిక్ బద్దతో నడిమి నుంచి అంచులకు నీళ్లూ గాలీ తోసెయ్యాలి. చౌకరకం వినైల్ అయితే మన ఎండలకు ముడుచుకుపోయి అంచులు లేస్తాయి.

ఈ అంగళ్లకు పని వస్తుంటుంది, పోతుంటుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కంపెనీ తరఫునే రావాలన్నారు. దాంతో నంబర్లు వేసే బేరం సన్నగిల్లింది. 2022 ఏప్రిల్ 4న డోన్ కర్నూలు జిల్లాను వదిలి కొత్త నంద్యాల జిల్లాలో కలిసింది. బోర్డుల మీద జిల్లా పేరు మార్చే పని పుట్టింది. ఏ కాలంలోనైనా ఉండాల్సిన పని, అడిగేవాళ్లు లేని పని మాత్రం ఆ వెనక టేపే.

రాత్రిళ్లు తిప్పం అనేది మనకు మనం చెప్పుకునే మాట. మార్కెట్ యార్డులో తూకం ఆలస్యమైతే తిరుగు ప్రయాణం చీకట్లోనే. బేతంచెర్ల నుంచి నాపరాళ్లు వేసుకొచ్చే బండి అయినా, తిరునాళ్లకు జనాన్ని తీసుకుపోయే బండి అయినా అంతే. టైరు పంచరై, చక్రం కింద రాయి పెట్టి 44వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబెట్టిన ట్రాలీ అన్నిటికన్నా ప్రమాదం. దానికి లైటు ఉండదు, ఉన్నా వైరు తెగి ఉంటుంది. వెనక నుంచి హైదరాబాదు, బెంగళూరు బండ్లు దూసుకొస్తుంటాయి.

టేపుకు వైరూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అది తనంత తాను వెలగదు. అందులోని సన్నటి గాజుపూసలో, పట్టకాల్లాంటి గళ్లో వెనక బండి లైటును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. ట్రాలీతో సహా బండి వెనక రెండు వైపులా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 104వ నిబంధన ఎప్పటి నుంచో చెబుతోంది. సరుకు బండ్ల టేపుకు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు అని రంగులు కూడా ఉన్నాయి.

కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. మామూలు మెరుపు స్టిక్కరు, అసలు టేపు పగలు ఒకలాగే కనబడతాయి. చీకట్లో ఇరవై ముప్పై అడుగుల అవతల నిలబడి, సెల్‌ఫోన్ టార్చిని కంటి పక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది. పైన అంటిస్తే టార్పాలిన్ వేలాడి కప్పేస్తుంది, కాబట్టి కింది చట్రానికి అంటించండి. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవండి.

అధికారులకూ ఒక మాట. ఏటా జనవరిలో రహదారి భద్రత ఉత్సవాలప్పుడు ట్రాలీలకు టేపులు అంటించి ఫొటోలు దిగుతున్నారు. సీమలో శనగకాయలు ఇళ్లకు చేరేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ పని సెప్టెంబరులోనే, యార్డు గేటు దగ్గరే పెట్టుకుంటే ఫలితం ఉంటుంది. అంగళ్లవాళ్లు కూడా టేపు కావాలా అని అడగడం మానేసి, ట్రాలీ స్టిక్కరింగ్ రేటులోనే దాన్ని కలిపెయ్యాలి.

హీరో పేరు వేయించుకోండి, కాదనేవాళ్లు లేరు. ఎర్ర టేపు వేశాకే ఆ పేరు వేయించుకోండి.