సెల్ఫ్ నీరసించినంత మాత్రమున బ్యాటరీ మార్చవలెనా?

తొలకరి పడినది. దుక్కికి అదను వచ్చినది. తెల్లవారుజామున ట్రాక్టరెక్కి తాళము త్రిప్పగా, ఇంజను నాలుగు మూలుగులు మూలిగి ఊరకుండును. పదేండ్లు దాటిన ట్రాక్టరు గల రైతులలో ఈ అనుభవము లేనివారు అరుదు. అట్టి సమయమున మన గ్రామములలో రెండు పనులు జరుగుచున్నవి. మొదటిది, అప్పుచేసియైనను క్రొత్త బ్యాటరీ తెచ్చుట. రెండవది, సెల్ఫ్ మోటారు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలిపి ఇంజనును లేపుట. మొదటిది డబ్బుకు చేటు, రెండవది ప్రాణమునకే చేటు. ఈ రెండును మాని, లోపమెక్కడనో ముందుగా పరీక్షించుట ప్రతి రైతు నేర్వవలెనని నా అభిప్రాయము.

ఒక గ్రామములో ఒక రైతు ఏడాది తిరుగకముందే రెండు బ్యాటరీలు మార్చెను. అయినను సెల్ఫ్ బరువుగానే తిరుగుచుండెను. మీటరు పెట్టి చూడగా బ్యాటరీలో దోషమేమియు లేదు. ట్రాక్టరుకు రంగు వేయించినపుడు ఎర్త్ తీగను రంగుమీదనే బిగించిరి. ఆ బోల్టు విప్పి, గరుకు కాగితముతో ఇనుము మెరయునట్లు రుద్ది, తిరిగి బిగించినంతనే ఇంజను లేచినది. రోగమొకటి, మందొకటి అనుటకు ఇంతకంటె నిదర్శనము వేరేల?

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టు వేడికే డీజిలు అంటుకొనవలెను. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినచో ఆ వేడి సిలిండరు గోడలలోనికి పోవును, గాలి రింగుల ప్రక్కనుండి జారిపోవును. కావున ఇంజను లేవదు. రింగులరిగిన పాత ఇంజనుకు ఈ బాధ మరింత హెచ్చు. సెల్ఫ్ చురుకుగా తిరుగుచున్నను ఇంజను లేవనిచో, సాధారణముగా లోపము డీజిలు వైపుననే యుండును. ఫిల్టరు పూడినదా, గొట్టములలో ఎయిర్ పట్టినదా యని చూడవలెను. సెల్ఫే బరువుగా తిరిగినచో ఈ క్రింది వరుసను పరీక్షింపుడు.

పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు బిగించి, ఇంజను ఆపు లివరును లాగి యుంచుడు. అప్పుడు సెల్ఫ్ తిరుగును గాని ఇంజను లేవదు. ఒక్కసారికి 10 సెకండ్లకు మించి సెల్ఫ్ కొట్టరాదు. మరల కొట్టుటకు ముందు ఒక నిమిషమాగుడు, లేనిచో మోటారు చుట్టలు కాలును. బ్యాటరీ దగ్గర బీడీ, నిప్పు కూడదు. దానినుండి వెలువడు వాయువు ప్రేలుడు స్వభావము గలది.

మొదటిది, బ్యాటరీ శక్తి. రాత్రంతయు కదలక యున్న బ్యాటరీకి వోల్టు మీటరు పెట్టుడు. 12.6 వోల్టులున్న నిండుగా నున్నట్లు, 12.2 ఉన్న సగమే యున్నట్లు. 12కు తగ్గినచో ముందు ఛార్జి చేయించి పిదప పరీక్షింపవలెను. అరల మూతలు విప్పుటకు వీలున్న బ్యాటరీలో నీటిమట్టము చూచి, తగ్గినచో డిస్టిల్డ్ వాటరే పోయవలెను. ఆసిడ్ పోయరాదు, బావినీరు పోయరాదు.

రెండవది, సెల్ఫ్ తిరుగునప్పటి వోల్టేజి. బ్యాటరీ ధ్రువముల వద్ద అది 9.6కు దిగరాదు. నిండు ఛార్జి మీదను దిగినచో బ్యాటరీ ముసలిదై యుండవచ్చును, లేదా సెల్ఫ్ మోటారు మితిమీరి విద్యుత్తు లాగుచుండవచ్చును. బ్యాటరీ దుకాణములో లోడు పరీక్ష చేయించిన ఈ సందేహము తీరును.

మూడవది, తీగలు, అతుకులు. ఎక్కువమంది దీనినే విస్మరించుచున్నారు. సెల్ఫ్ మోటారుకు వందలకొలది ఆంపియర్ల విద్యుత్తు కావలెను. లెక్కకు 300 ఆంపియర్లనుకొనుడు. అతుకులో ఓములో నూరవ వంతు అడ్డమున్నను 3 వోల్టులు అచ్చటనే ఖర్చగును. పండ్రెండింటిలో మూడు పోయినచో మోటారుకు బలమెక్కడిది? మీటరు కొననొకదానిని బ్యాటరీ పాజిటివ్ ధ్రువము మీదను, రెండవదానిని సెల్ఫ్ మోటారుకు ఆ తీగ చేరు లావు బోల్టు మీదను ఉంచి, తోడు మనిషిచే సెల్ఫ్ కొట్టింపుడు. అర వోల్టుకు మించి చూపరాదు. అట్లే నెగెటివ్ ధ్రువమునకు, సెల్ఫ్ మోటారు ఒంటికి నడుమ చూడుడు. మించినచో అతుకులను విప్పి శుభ్రపరుపుడు. విప్పునపుడు ఎర్త్ తీగ ముందు, బిగించునపుడు చివర. ధ్రువముల మీది తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, బిగించిన పిదప వేజలైను పూయుడు. సోడానీరు అరలలో పడనీయరాదు. మీటరు లేనిచో సెల్ఫ్ కొట్టిన పిమ్మట అతుకులను వేలితో జాగ్రత్తగా తాకి చూడుడు. వేడెక్కిన అతుకే దొంగ.

ఇవన్నియు బాగున్నచో సెల్ఫ్ మోటారును విప్పించుడు. కార్బన్లు, బుష్షులు అరిగి యుండవచ్చును. వాటిని మార్చుటకగు ఖర్చు క్రొత్త మోటారు ఖరీదుకంటె చాల తక్కువ. ఇంజను నడుచునపుడు బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.4 వోల్టుల వరకు రానిచో, బెల్టు వదులైనదేమో ఆల్టర్నేటరు చెడినదేమో చూపింపుడు. లేనిచో ఎంత మంచి బ్యాటరీయైనను నిలువదు.

ఇక స్క్రూడ్రైవరు సంగతి. క్లచ్చి త్రొక్కనిదే, లేదా గేరు న్యూట్రల్‌లో లేనిదే సెల్ఫ్ తిరుగకుండ అనేక ట్రాక్టర్లలో కాపుదల స్విచ్చి కలదు. బోల్టులు కలిపినచో ఆ కాపుదల పోవును. గేరులో నున్న బండి లేచిన మరుక్షణమే ముందుకురుకును. కలిపినవాడు నిలుచునది వెనుక చక్రమునకు ఎదురుగనే! తప్పుకొను వ్యవధి యుండదు. దుక్కి ఒకపూట ఆలస్యమైన పంట పోదు, ఇంటి యజమాని పోయిన ఇల్లు నిలువదు. ఎవరెంత అనుభవజ్ఞులైనను ఈ పనికి పూనుకొనరాదు, పక్కవారిని పూనుకొననీయరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి. ఒక్కొక్క గ్రామమునకు ఒక వోల్టు మీటరు చాలును. దాని వెల క్రొత్త బ్యాటరీ వెలలో స్వల్పభాగమే. తొలకరికి ముందు ఒక ఉదయమున ట్రాక్టర్లనన్నిటిని ఒకచోట చేర్చి ఈ పరీక్షలు చేయింపుడు. ఆసక్తిగల యువకులను అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపుటయు మేలు.

నాగలి కర్రును దుక్కికి ముందు సరిచూచుకొనుట మన పెద్దల అలవాటు. ఆ అలవాటునే ట్రాక్టరు ఎర్త్ తీగకును వర్తింపజేయుడు. ముందు మీటరు, పిదప పాకెట్టు.