ఉప్పెన యడుగు ప్రశ్న

గడచిన నవంబరు నెల 19వ తేదీన ఉదయప్రార్థనానంతరము మేము మా తరగతి బాలబాలికలకు దివిసీమ ఉప్పెనను గూర్చి చెప్పితిమి. 1977వ సంవత్సరమున అదే దినమున, శనివారమునాడు, సముద్రము పొంగి కృష్ణానది ముఖద్వారమునందలి పల్లెలమీద పడెను. సుమారు పదివేలమంది మృతినొందిరి. మేము చెప్పుట ముగియగానే ఒక బాలుడు లేచి, “మాస్టారూ, ఆ ఊళ్లవారు మనకంటె ఎక్కువ పాపము చేసినారా? దేవుడు వారినే యెందుకు చంపినాడు?” అని యడిగెను. మేము తడబడి, “దేవుని మార్గములు మనకు తెలియవు, కూర్చో” అంటిమి. వాడు కూర్చుండెను.

వాని అమ్మమ్మ దివిసీమ ఆడపడుచనియు, ఆమె తల్లియు ఇద్దరు తమ్ములును ఆ రాత్రియే కొట్టుకొనిపోయిరనియు మాకు పిమ్మట తెలిసినది. వాడడిగినది పాఠములోని ప్రశ్న కాదు, తన యింటి ప్రశ్న. ఇరువది యేండ్లుగా బోధనవృత్తిలో నున్న మేము మా జవాబును తలచుకొని సిగ్గుపడితిమి. ఆనాడు చెప్పవలసియుండిన దానిని ఇప్పుడు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

మొదట ప్రకృతిశాస్త్రము చెప్పునది వినవలెను. బంగాళాఖాతపు నీరు వెచ్చనైనప్పుడు దానిమీది గాలి తేమతో పైకి లేచును. ఆ చోట వాయుపీడనము తగ్గగా చుట్టునున్న గాలి సుడి తిరుగుచు లోనికి వచ్చును. అదియే తుపాను. అది తీరమును సమీపించునప్పుడు సముద్రజలమును ముందునకు త్రోయును. తీరమున సముద్రము లోతు తక్కువయై, డెల్టాభూమి పల్లమై యుండుటచే ఆ నీరు ఎత్తుగా లేచి ఊళ్లమీదికి పారును. అది మనుష్యుల పుణ్యపాపములను తూచి వచ్చునది కాదు.

పరిశుద్ధ గ్రంథమును శ్రద్ధగా చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. యోబు కుమారులును కుమార్తెలును కూడియున్న యింటిని కూల్చినదియు పెనుగాలియే. అతని స్నేహితులు వచ్చి ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలు అంతమాత్రమే. నీ పాపమే దీనికి కారణమని వాదింప మొదలిడగానే వారు త్రోవ తప్పిరి. గ్రంథాంతమున దేవుడు వారిపై కోపించెను. లూకా సువార్త 13వ అధ్యాయమున, సిలోయములోని గోపురము కూలి చనిపోయిన పదునెనిమిదిమందిని గూర్చి ప్రభువు చెప్పినదియు ఇట్టిదే. వారు యెరూషలేములోని తక్కినవారికంటె పాపులు కారనెను. అంతటితో నిలువక, వినుచున్నవారే మారుమనస్సు పొందవలెననెను. మృతులవైపు చూపిన వ్రేలిని మనవైపు త్రిప్పుకొనుడని దీని తాత్పర్యము.

ఈ విషయమున మహానుభావులకే భేదాభిప్రాయము కలిగెను. 1934 జనవరి 15వ తేదీన బీహారులోను నేపాళములోను భూకంపము కలిగి పదివేలమందికి పైగా నశించిరి. అప్పుడు హరిజనయాత్రలో నున్న గాంధీమహాత్ముడు, ఇది అస్పృశ్యత యను మన పాపమునకు దేవుడు విధించిన శిక్షయనెను. రవీంద్రనాథ ఠాకూరు అస్పృశ్యతను గర్హించువాడే యయ్యు ఈ మాటకు నొచ్చుకొని, ప్రకృతిలోని యుత్పాతములకు ప్రకృతిలోనే కారణములుండునని వ్రాసెను. గాంధీ ఆ లేఖను తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రకటించి ప్రత్యుత్తరమిచ్చెను. మేము ఠాకూరు పక్షమువారము. అది శిక్షయే యైనచో, అంటరానితనమును పాటించినవారితోపాటు దానిచే బాధింపబడినవారి పసిబిడ్డలును శిథిలములక్రింద పడుట యే న్యాయము? ఐనను గాంధీమాటలో గ్రహింపదగిన దొకటి కలదు. ఆయన పాపమును పరులపై మోపక మనదనెను. పిదప బీహారునకు పోయి బాధితులనడుమ తిరిగెను.

అట్లయిన ఉప్పెనకును మన పాపమునకును సంబంధమే లేదా? గాలికి లేదు, చావునకు కొంత కలదు. గాలి అందరిమీదను వీచును గాని, తాటాకు గుడిసెయు రాతిమేడయు దానికి ఒక్కరీతిగా నిలువవు. బెస్తలును కూలీలును గుడిసెలలోనే ఏల ఉండవలసివచ్చెను? అలల తాకిడిని తగ్గించు మడ అడవులను రొయ్యల చెరువులకై నరికినది గాలియా, మనమా?

1864 నవంబరు 1వ తేదీన బందరుమీద పడిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది చనిపోయిరి. నూటపదమూడేండ్లకు దివిసీమలో పదివేలమంది. అటుతరువాత తీరమున తుపాను రక్షణగృహములు కట్టబడెను, హెచ్చరికలు మెరుగుపడెను. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుపానే మరల కృష్ణామండలమున తీరము దాటినప్పుడు లక్షమందికి పైగా జనమును ముందే తరలించిరి. మృతులు వేయికి లోపుగనే యుండిరి. విద్యార్థులు ఈ మూడు లెక్కలను ఒకదానిక్రింద నొకటి వ్రాసి చూడవలెను. దేవుడు మారలేదు, గాలి కనికరించుట నేర్వలేదు. పొరుగువానియెడల మన శ్రద్ధ కొంత పెరిగినది. ఆ శ్రద్ధ ముందే కలిగియుండినచో ఎన్ని యిండ్లలో దీపములు వెలుగుచుండెడివో!

కావున పశ్చాత్తాపమనగా కన్నీరు మాత్రమే కాదని మా యభిప్రాయము. ఒక తుపాను తరువాత బాధితులకు బట్టలు పోగుచేసినప్పుడు, మేము మా పెట్టెలో వెదకి, కాలరు చినిగి ధరింపరాని చొక్కానే ఇచ్చితిమి. ఇచ్చి, దానము చేసితిమని సంతసించితిమి. ఉప్పెన మా హృదయమునందు బయలుపరచిన పాపము అది. ఎవరికి వారు ఇట్లు తమ పెట్టెను తెరచి చూచుకొనవలెను.

మరునాడు ఆ బాలుని పిలిచి, “నాయనా, నిన్న నీకు సరిగా చెప్పలేదు. మీ అమ్మమ్మగారివాళ్లు మనకంటె పాపులు కారు. వారు పోయినారు, మనము మిగిలినాము. మిగిలినవారము ఎట్లు బ్రతుకుచున్నామని మనమే ఆలోచించుకోవలెను” అంటిమి. వాడు కొంతసేపూరకుండి, “అమ్మమ్మకు చెబుతానండీ” అని వెడలిపోయెను.

మృతులకు తీర్పు తీర్చక, బ్రతికినవారికి తోడుపడు మనస్సును దేవుడు మనకందరికి దయచేయుగాక.